ఎవరు ముందు రాయాలి? ఈబే వేలం సైటులో అభిప్రాయ మర్యాదల చరిత్ర (1995–2008)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఆన్‌లైన్ వేలంలో కొనుగోలుదారు, అమ్మకందారు ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే పద్ధతి ఎందుకు పుట్టిందో వివరించగలుగుతారు.
- ఆ పద్ధతి చుట్టూ ఏర్పడిన మర్యాదలను, వాటి వెనుక ఉన్న భయాలను గుర్తించగలుగుతారు.
- 2008లో వచ్చిన మార్పుకు కారణాలను, దాని ఫలితాలను అంచనా వేయగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

వారపు సంతలో సరుకు కొనేవారికి కొన్ని సౌకర్యాలు ఉంటాయి. సరుకును చేత్తో పట్టి చూడవచ్చు, తూకం కళ్లెదుటే జరుగుతుంది. అమ్మినవాడు మోసం చేస్తే వచ్చే వారం అదే చోట నిలదీయవచ్చు. నలుగురికీ చెప్పి అతని దగ్గర ఎవరూ కొనకుండా చేయవచ్చు. అమ్మకందారుకూ ఇదే భరోసా ఉంటుంది. అప్పు ఎగ్గొట్టినవాడు ఏ ఊరివాడో అతనికి తెలుసు. ఇక్కడ వ్యాపారాన్ని నడిపేది చట్టం కంటే ముందుగా పరువు. ఆ పరువు నిలబడాలంటే ముఖపరిచయం ఉండాలి.

1990ల మధ్యలో అమెరికాలో మొదలైన ఆన్‌లైన్ వేలంలో ఈ ముఖపరిచయం లేదు. వేల మైళ్ల దూరంలో ఉన్న ఇద్దరు మారుపేర్లతో బేరం కుదుర్చుకోవాలి. ఈ లోటును పూడ్చడానికి ఈబే సంస్థ పరువును అంకెల్లోకి మార్చింది. కాని ఆ అంకెను ఇచ్చేది మనుషులు. మనుషులు మర్యాదలు పాటిస్తారు, భయపడతారు, పగ తీర్చుకుంటారు. అందువల్ల ఆ అంకె నిజం చెప్పాలంటే ఏ నియమాలు ఉండాలన్న ప్రశ్న పదేళ్లకు పైగా ఆ సంస్థను వెంటాడింది. ఆ చరిత్రను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. అభిప్రాయ వేదిక ఆవిర్భావం

కాలిఫోర్నియాలోని శాన్‌హొసే ప్రాంతంలో ఉండే పియర్ ఒమిడ్యార్ అనే 28 ఏళ్ల ప్రోగ్రామర్ 1995 సెప్టెంబరులో 'ఆక్షన్‌వెబ్' పేరుతో ఒక సైటు ప్రారంభించాడు. అందులో అమ్ముడైన తొలి వస్తువుగా చెప్పుకొనేది ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్. అది 14.83 డాలర్లకు పోయింది. 1997లో ఆక్షన్‌వెబ్ పేరు ఈబేగా మారింది. 1998 సెప్టెంబరులో సంస్థ షేర్లు స్టాక్ మార్కెట్‌లోకి వచ్చాయి.

సైటు మొదలైన కొద్ది నెలలకే తగవులు వచ్చాయి. ప్రతి తగవునూ తీర్చడం ఒక్క మనిషికి సాధ్యమయ్యే పని కాదు. 1996 ఫిబ్రవరిలో ఒమిడ్యార్ వాడుకరులందరికీ ఒక ఉత్తరం రాసి, 'ఫీడ్‌బ్యాక్ ఫోరమ్' అనే అభిప్రాయ వేదికను ప్రకటించాడు. మనుషుల్లో ఎక్కువమంది నిజాయితీపరులేనని, మోసగాళ్లు కొందరే ఉంటారని, వారి గుట్టు బయటపెట్టే పని అందరూ కలిసి చేయాలని ఆ ఉత్తరం సారాంశం. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోండి, ఫిర్యాదు ఉంటే బాహాటంగా చెప్పండి అని ఆయన కోరాడు. తీర్పరి బాధ్యతను సంస్థ ఈ విధంగా వాడుకరులకే అప్పగించింది.

పద్ధతి చాలా సులువైనది. బాగుంటే ఒక మార్కు కలుస్తుంది, బాగా లేకపోతే ఒక మార్కు తగ్గుతుంది, తటస్థమైతే సున్నా. దానితోపాటు అప్పట్లో 80 అక్షరాలకు మించకుండా ఒక వ్యాఖ్య రాయాల్సి ఉండేది. మొత్తం మార్కులు వాడుకరి పేరు పక్కనే కనిపిస్తాయి. పది మార్కులు వస్తే పసుపు నక్షత్రం, ఆపైన పెరిగేకొద్దీ వేరే రంగులు వస్తాయి. ఇక్కడ ఒక ముఖ్యాంశం గమనించాలి. కొన్నవారు అమ్మినవారి గురించి, అమ్మినవారు కొన్నవారి గురించి రాయవచ్చు. ఈ ఇరుపక్షాల ఏర్పాటే తరువాతి వివాదాలన్నింటికీ మూలం.

3. రూపుదిద్దుకున్న మర్యాదలు

సంస్థ నియమాలు కొన్నే. మిగిలిన ఖాళీని వాడుకరుల ఆచారాలు పూరించాయి. వాటిలో ప్రధానమైనవి మూడు.

మొదటిది, ధారాళమైన పొగడ్త. సరుకు చెప్పినట్లు వచ్చి, డబ్బు సకాలంలో అందితే చాలు, పెద్ద అక్షరాల 'ఏ' పక్కన ప్లస్ గుర్తులు వరుసగా పేర్చి రాసేవారు. మామూలుగా తన పని తాను చేసినవారికి కూడా అపూర్వమైన మేలు చేసినవారికి చెప్పినట్లు కృతజ్ఞతలు దక్కేవి.

రెండవది, చెడ్డ మార్కు వేసే ముందు మాట్లాడడం. సరుకు ఆలస్యమైనా, పగిలి వచ్చినా ముందు ఈ-మెయిల్ రాయాలి, జవాబుకు గడువు ఇవ్వాలి, అప్పటికీ పరిష్కారం దొరకకపోతేనే బహిరంగంగా రాయాలి అనేది పెద్దమనిషి తరహాగా భావించేవారు. తపాలాలో జరిగిన ఆలస్యానికి అమ్మకందారును శిక్షించడం అన్యాయం కాబట్టి ఈ ఆచారంలో న్యాయం ఉంది. తటస్థ మార్కును సైతం చాలామంది అవమానంగానే తీసుకునేవారు.

మూడవది, ఎవరు ముందు రాయాలి అనే ప్రశ్న. దీనిపై ఏకాభిప్రాయం ఎన్నడూ కుదరలేదు. కొనుగోలుదారుల వాదన ఇది: వేలంలో మా బాధ్యత డబ్బు చెల్లించడంతో ముగుస్తుంది, డబ్బు అందగానే అమ్మకందారు మాకు మంచి మార్కు వేయాలి. అమ్మకందారుల వాదన వేరు: సరుకు చేరి, కొన్నవారు తృప్తిపడినప్పుడే బేరం ముగుస్తుంది, అందాకా మేము రాయము.

పైకి ఇది చిన్న మర్యాద తగాదాగా కనిపిస్తుంది. దీని వెనుక ఉన్న బలాబలాలు గ్రహించడానికి ఆనాటి చెల్లింపు పద్ధతిని గుర్తుచేసుకోవాలి. తొలి రోజుల్లో పాట గెలిచినవారు ఎక్కువగా చెక్కు గాని మనియార్డరు గాని తపాలాలో పంపి సరుకు కోసం ఎదురుచూసేవారు. అంటే ముందుగా నష్టభయానికి తలొగ్గేది కొనుగోలుదారు. ఇక మార్కు కూడా అతనే ముందు వేయాలంటే డబ్బు, మాట రెండూ ముందుగా అతని చేతి నుంచే పోతాయి. చివరి మాట అమ్మకందారు దగ్గర మిగిలిపోతుంది.

4. మర్యాద వెనుక భయం

ఆ చివరి మాట ఆయుధంగా మారింది. కొనుగోలుదారు తనకు చెడ్డ మార్కు వేస్తే అమ్మకందారు తిరిగి అతనికీ చెడ్డ మార్కు వేసేవాడు. సకాలంలో డబ్బు కట్టిన వ్యక్తి కూడా ఈ ప్రతీకారానికి గురయ్యేవాడు. వందల మార్కులున్న వ్యాపారికి ఒక మచ్చ పెద్ద లెక్క కాదు. పది మార్కులు కూడా లేని కొత్త కొనుగోలుదారుకు అది పెద్ద దెబ్బే. కాబట్టి మోసపోయినవారిలో చాలామంది మౌనంగా ఉండిపోయారు.

పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ అనే పరిశోధకులు 1999 నాటి ఈబే లావాదేవీలను పరిశీలించారు. సగానికి పైగా లావాదేవీల్లో అభిప్రాయం నమోదైంది. కొనుగోలుదారులు రాసిన వ్యాఖ్యల్లో 99.1 శాతం మెచ్చుకోలు, 0.6 శాతం ఫిర్యాదు, 0.3 శాతం తటస్థం. ముఖాలు చూడని మనుషుల మధ్య తపాలాలో జరిగే వ్యాపారంలో అసంతృప్తి నిజంగా ఒక శాతం కూడా లేదా? అందరూ నిజాయితీపరులైనా ఇలాంటి అంకె వస్తుంది, అందరూ భయస్థులైనా ఇలాంటి అంకే వస్తుంది. అంకెను మాత్రమే చూసి ఈ రెండింటినీ వేరుచేయలేము. చరిత్ర విద్యార్థి ఏ ఆధారాన్నైనా చదివేటప్పుడు గుర్తుంచుకోవలసిన విషయమిది.

అయినా ఆ మార్కులకు విలువ లేదని అనుకోరాదు. అదే పరిశోధకులు మరికొందరితో కలిసి ఒక ప్రయోగం చేసి, ఫలితాలను 2006లో ప్రచురించారు. మంచి పేరున్న ఒక అమ్మకందారు ఒకే రకమైన పాత పోస్టుకార్డులను కొన్నింటిని తన పాత పేరుతో, మరికొన్నింటిని కొత్త పేర్లతో వేలానికి పెట్టాడు. పాత పేరుకు కొనుగోలుదారులు సుమారు 8 శాతం ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధపడ్డారు. పరువు డబ్బుగా మారుతోంది కాబట్టే దాన్ని కాపాడుకోవడానికి అమ్మకందారులు అంత పట్టుదల చూపారు.

ఈ పరిస్థితిని సరిదిద్దడానికి 2004లో సంస్థ ఒక సదుపాయం కల్పించింది. ఇరువురూ ఒప్పుకుంటే పరస్పరం వేసుకున్న మార్కులను వెనక్కి తీసుకోవచ్చు. ఉద్దేశం రాజీ. ఆచరణలో ఇది ప్రతీకారానికి మరింత బలమిచ్చింది. చెడ్డ మార్కుకు బదులు చెడ్డ మార్కు వేసి, 'నీది తీస్తే నాదీ తీస్తాను' అని బేరమాడే వీలు కలిగింది. రాజీ కుదిరిన ప్రతిసారీ తరువాత రాబోయే కొనుగోలుదారుకు ఒక హెచ్చరిక తగ్గిపోయింది.

5. 2007–2008 సంస్కరణలు

2007లో సంస్థ మొదటి అడుగు వేసింది. పాత మార్కుకు తోడుగా నాలుగు అంశాలపై ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇచ్చే పద్ధతి తెచ్చింది. వస్తువు వర్ణనకు తగినట్లు ఉందా, అమ్మకందారు సరిగా స్పందించాడా, ఎంత త్వరగా పంపాడు, రవాణా ఖర్చు న్యాయంగా ఉందా అనేవి ఆ నాలుగు అంశాలు. వీటిలో సగటు మాత్రమే బయటికి కనిపిస్తుంది, ఎవరు ఎన్ని నక్షత్రాలు ఇచ్చారో అమ్మకందారుకు తెలియదు. రహస్య ఓటు ఓటరుకు ఇచ్చే రక్షణ వంటిదే ఇది.

రెండవ అడుగు చాలా పెద్దది. ఇకపై అమ్మకందారులు కొనుగోలుదారులకు మంచి మార్కు మాత్రమే వేయగలరని 2008 జనవరిలో ప్రకటించి, మే నెలలో అమలుచేసింది. పరస్పర ఉపసంహరణ కూడా రద్దయింది. అమ్మకందారులు తీవ్రంగా నిరసించారు. ఫీజుల మార్పులపై ఉన్న అసంతృప్తి కూడా తోడై, ఫిబ్రవరి 18 నుంచి వారం రోజులు అమ్మకాలు నిలిపివేయాలని పిలుపునిచ్చారు.

వారి వాదనను తేలికగా కొట్టివేయలేము. పాట గెలిచి డబ్బు కట్టనివారు, చిన్న లోపం చూపి ధర తగ్గించమని బెదిరించేవారు కొనుగోలుదారుల్లోనూ ఉన్నారు. ఇంటి దగ్గర చిన్న వ్యాపారం చేసుకునేవారికి అటువంటివారి గురించి తోటివారిని హెచ్చరించే మార్గం మూసుకుపోయింది. డబ్బు కట్టనివారిపై సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు గాని, అది నలుగురికీ కనిపించదు. 1996లో వాడుకరులకు అప్పగించిన తీర్పరి బాధ్యతలో కొంత భాగాన్ని సంస్థ ఈ విధంగా తిరిగి తన చేతుల్లోకి తీసుకుంది.

6. పర్యవసానాలు

2008 మార్పు వల్ల చెడ్డ అమ్మకందారులు సైటు వదిలి వెళ్లారా, లేక ఉన్నవారే మారారా? క్లైన్, లాంబర్ట్స్, స్టాల్ అనే ఆర్థికవేత్తలు ఈ ప్రశ్నను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కొనుగోలుదారుల సంతృప్తి గణనీయంగా పెరిగింది. వెళ్లిపోయినవారి సంఖ్యలో మాత్రం చెప్పుకోదగిన పెరుగుదల లేదు. అంటే నిర్భయంగా రాస్తారని తెలిసిన తరువాత చాలామంది అమ్మకందారులు తమ నడవడిని మెరుగుపరచుకున్నారని వారి నిర్ధారణ.

నోస్కో, టాడెలిస్ అనే పరిశోధకులు మరో కోణం చూపారు. చెడ్డ అనుభవం ఎదురైనా ఏమీ రాయకుండా వెళ్లిపోయే కొనుగోలుదారులు చాలామంది. అందువల్ల మంచి మార్కులను వచ్చిన అభిప్రాయాలతో కాక మొత్తం లావాదేవీలతో పోల్చి చూస్తే అమ్మకందారు నాణ్యత మరింత స్పష్టంగా తెలుస్తుందని వారు తేల్చారు. ఏమీ రాయకపోవడం కూడా ఒక అభిప్రాయమేనని దీని అర్థం.

ఇతర సంస్థలు ఈ చరిత్ర నుంచి పాఠం నేర్చుకున్నాయి. ఇళ్లను అద్దెకిచ్చే ఎయిర్‌బిఎన్‌బి 2014లో కొత్త పద్ధతి తెచ్చింది. ఇరుపక్షాలూ రాసేవరకు, లేదా గడువు ముగిసేవరకు, ఒకరి అభిప్రాయం మరొకరికి కనిపించదు. 'ఎవరు ముందు రాయాలి' అనే పాత తగాదాకు ఇది ఒక పరిష్కారం.

భారతదేశానికి ఈబే 2004లో వచ్చింది. ముంబైకి చెందిన బాజీ.కామ్ అనే వేలం సైటును కొని, దాన్నే ఈబే ఇండియాగా మార్చింది. ఆ సైటు 2018 ఆగస్టులో మూతపడింది. వేలం పద్ధతి మన దగ్గర అంతగా నిలవలేదు గాని, నక్షత్రాలు ఇచ్చే అలవాటు నిలిచింది. ఆన్‌లైన్ అభిప్రాయాల్లో మోసాలను అరికట్టేందుకు భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని రూపొందించింది.

7. సారాంశం

ఈబే అభిప్రాయ వ్యవస్థ ముఖపరిచయం లేని చోట పరువును సృష్టించింది. లక్షలాది అపరిచితులు ఒకరినొకరు నమ్మి వ్యాపారం చేయడానికి అది తోడ్పడింది. అయితే మెచ్చుకోలుకు మెచ్చుకోలు అనే మర్యాద క్రమంగా ఫిర్యాదుకు ఫిర్యాదు అనే బెదిరింపుకు చాటుగా మారింది. నిజం చెప్పినందుకు మూల్యం చెల్లించవలసి వచ్చినప్పుడు మనుషులు మర్యాద మాటున మౌనం వహిస్తారు. 2007, 2008 సంస్కరణలు కొనుగోలుదారుపై ఆ మూల్యాన్ని తగ్గించాయి. అందుకు బదులుగా అమ్మకందారులు తమ గొంతులో కొంత భాగాన్ని కోల్పోయారు. ఒక నియమాన్ని అంచనా వేసేటప్పుడు, దానివల్ల ఎవరు నిర్భయంగా మాట్లాడగలిగారు, ఎవరు మాట్లాడలేకపోయారు అని అడగడం అవసరం.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. ఈబే అభిప్రాయ వేదిక ఆవిర్భావానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. 'ఎవరు ముందు రాయాలి' అనే వివాదంలో ఇరుపక్షాల వాదనలను చర్చించండి.
3. 2008 సంస్కరణ అమ్మకందారులకు న్యాయం చేసిందా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.