కంటియెదుటి వంట

1916వ సంవత్సరమున, అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కాన్సాస్ రాష్ట్రమునందలి విచిటా పట్టణమున, వాల్టర్ ఆండర్సన్ అను వంటవాడొకడు చిన్న దుకాణము తెరచి, అందొక పెనము నమర్చి, ఖీమా మాంసపు బిళ్ళలను వేడివేడిగా కాల్చి, గుండ్రని రొట్టెల నడుమ నుంచి, ఒక్కొక్కటి ఐదు సెంట్లకు విక్రయింప మొదలిడెను. నేడు లోకమంతట వ్యాపించియున్న బర్గరు భోజనశాలల చరిత్ర అచ్చటనుండియే ఆరంభమగుచున్నదని నా యభిప్రాయము.

ఆ తినుబండారమును మాత్రము ఆయన కనిపెట్టలేదు. హాంబర్గు రేవునుండి నౌకలెక్కి వచ్చిన జర్మనులతోపాటు ఆ పేరుగల మాంసపువంటకము అమెరికాకు చేరెననుట ప్రసిద్ధము. దానిని రొట్టెల నడుమ నుంచి చేతికందించిన ఘనత తమదేయని కనెక్టికట్ రాష్ట్రమునందలి న్యూహేవెన్ మొదలుకొని పెక్కు పట్టణములవారు నేటికిని వాదించుచున్నారు. ఆ వివాదమును పరిష్కరించుట నాకంత ముఖ్యముగా తోచదు. ఎవరు మొదట చేసిరనుటకంటె, తినువాడు దానిని నమ్మి నోటబెట్టుకొనుట ఎట్లు సంభవించెననునదియే తెలిసికొనదగిన విషయము.

ఏలయన, ఆ కాలమున ఖీమా మాంసమనగా మర్యాదగల గృహస్థులకు భయము. మాంసఖండమును చూచి మంచిచెడ్డలు నిర్ణయింపవచ్చును గాని, ముద్దగా నూరినదానిలో ఏమి కలిసెనో ఎవరు చెప్పగలరు? ఈ సందేహమునకు తోడు, 1906లో అప్టన్ సింక్లెయిర్ రచించిన ‘ది జంగిల్’ అను నవల వెలువడి, షికాగో కబేళాలలోని మాలిన్యమును ప్రజలకు తెలియజెప్పెను. కార్మికుల దుర్భరజీవితమును చూచి పాఠకులు కరగిపోవుదురని ఆ రచయిత ఆశించెను; పాఠకులో, తమ పళ్ళెములలోని మాంసమును చూచి భీతిల్లిరి. ఆ యేడే మాంసపరీక్షకును, శుద్ధాహారమునకును సంబంధించిన రెండు శాసనములు పుట్టెను. చట్టము పుట్టినంతనే నమ్మకము పుట్టదు గదా! సంతలయందును, కర్మాగారముల ద్వారములకడను తోపుడుబండ్లపై అమ్ముడగు హాంబర్గరు బీదవాడు గత్యంతరము లేక తిను తిండిగానే మిగిలెను.

ఆండర్సన్ ఈ సంశయమునకు మాటలతో సమాధానము చెప్పబూనలేదు; పెనమును తెచ్చి గిరాకీల కన్నులయెదుట నిలిపెను. సన్నగా తరిగిన ఉల్లిపాయలతో మాంసపుముద్దను కలిపి, కాలుచున్న పెనముపై అట్లకాడతో అదిమి పలుచజేసి, ఒకప్రక్క వేగినంతనే తిరుగవేసి, ఆవిరులు గ్రక్కుచుండగానే రొట్టెలోనికి చేర్చుట యంతయు స్టూలుపై కూర్చున్నవాడు ఆద్యంతము చూడగలిగియుండెను. మాంసము దినమునకు రెండు పర్యాయములు క్రొత్తగా వచ్చుచుండెడిది. ఐదేండ్లకు ఎడ్గార్ వాల్డో ఇంగ్రామ్ అను వ్యాపారి ఆయనతో చేతులు కలిపెను. వీరిరువురును ఏడువందల డాలర్లు అప్పుచేసి, 1921లో ‘వైట్ క్యాజిల్’ అను పేరిట భోజనశాలను స్థాపించి, ఆ యప్పును మూడుమాసములు గడచులోపలనే తీర్చివేసిరి.

ఆ కట్టడమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఇంగ్రామ్ ప్రతిభ యంతయు దానియందే యున్నది. షికాగో నగరమునందలి పురాతనమైన నీటిగోపురము పోలికగా, బురుజులతో, సిమెంటు దిమ్మెలతో కట్టి, వెలుపలి గోడలకు వెల్లవేయించి, లోపల ఐదు స్టూళ్ళను మాత్రమే వేయించెను. తరువాత కట్టించిన శాలలకు తెల్లని పింగాణీపూత పూసిన ఉక్కురేకులను తొడిగించెను. మసి యంటినను తడిగుడ్డతో తుడిచినంతనే అవి తళతళలాడుచుండెడివి. పనివారి దుస్తులును తెలుపే, టోపీలును తెలుపే. టోపీ జుట్టును కప్పవలెను, గడ్డము గీచుకొనియుండవలెను, చేతికి ఉంగరములు గాని గడియారము గాని ఉండరాదు, గోళ్ళు శుభ్రముగా నుండవలెను అను నియమములన్నియు బొమ్మతోసహా అచ్చొత్తించి వారికి పంచిపెట్టిరి. ఊరేదైనను, శాల యేదైనను, రూపమొక్కటే, రుచి యొక్కటే, వెల యొక్కటే. దూరప్రయాణముచేసి అలసి వచ్చినవాడు ఎరుగని పట్టణమున ఆ తెల్లని బురుజును చూచినంతనే తన యూరి యంగడిని చూచినంత ధైర్యము పొందుచుండెను. రేయింబవళ్ళు తెరచియుండు ఆ శాలలు ట్రాములాగు చోటులయందును, కర్మాగారముల చేరువను వెలసినందున, రాత్రిపని ముగించి వచ్చు శ్రామికునకు ఏ వేళనైనను వేడియాహారము లభించుట సాధ్యమయ్యెను. ఐదు సెంట్ల వెలకు కడుపు నిండదను వారిని సంచులకొద్ది కొనుడని ప్రకటనలు ప్రోత్సహించెను.

ఇంతటితో ఇంగ్రామ్ తృప్తిపడలేదు. 1930 ప్రాంతమున మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఒక వైద్యవిద్యార్థి పదమూడు వారములు ఈ హాంబర్గర్లను, మంచినీటిని తప్ప వేరొండు ముట్టక జీవించునట్లు ఒక ప్రయోగమునకు ద్రవ్యసహాయము చేసి, ఆతడు ఆరోగ్యముతో నుండెనని చాటించెను. ఒక్క మనుష్యునిపై జరిగిన పరీక్షను శాస్త్రప్రమాణముగా గ్రహించుటకు నేనొప్పుకొనను. అయినను నమ్మకమును సంపాదించుటకు ఆ వ్యాపారి పడిన తపనకు అది నిదర్శనము. పురుషులే క్రిక్కిరిసియుండు కౌంటరుకడకు మధ్యతరగతి స్త్రీలు రాకుండుట గమనించి, 1932లో జూలియా జాయిస్ అను మారుపేరుతో ఒక మహిళను నియమించిరి. ఆమె స్త్రీసమాజములకు సంచులతో హాంబర్గర్లను కొనిపోయి రుచిచూపించి, వారిని వెంటబెట్టుకొని వచ్చి, వంటచోటును మూలమూలలా చూపుచుండెను. గృహిణికి వంటిల్లే ప్రమాణమని గ్రహించిన ఈ యుపాయము నాకు ఆ ప్రయోగముకంటె ఎన్నియో మడుంగులు ఉత్తమమైనదిగా కనబడుచున్నది.

మనదేశమునను పరుల చేతివంట క్రొత్త గాదు. కాకతీయులనాటి ఓరుగంటిని వర్ణించు క్రీడాభిరామమునందు, లక్ష్మణవజ్ఝల యింట ఒక రూకకే సకల రుచులతో భోజనము లభించుట చెప్పబడియున్నది. అట నమ్మకమునకు ఆధారము ఆ యింటివాని వంశనామమే. తరువాతి శతాబ్దములలో పూటకూళ్ళ యిండ్లును, బ్రాహ్మణ భోజనశాల యని బోర్డుగట్టిన హోటళ్ళును అట్టి ధైర్యమునే అమ్ముకొనెను. వండువాని కులము తెలిసినచో వంటగదిలోనికి తొంగిచూడ నక్కరలేదని జనులు తలచిరి. ఆ కారణముచేతనే లోపలి మసియు, ఈగలును ఎన్నియో తరములవరకు నిశ్చింతగా నుండెను. జన్మమును చూపి నమ్మించుటకంటె పెనమును చూపి నమ్మించుట మరింత న్యాయమైన పద్ధతి యని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

కాని ఆ న్యాయము అమెరికాలోనైనను సంపూర్ణము కాలేదు. వండువాని చేయి ఎంత శుభ్రమైనను, కూర్చుండువాని చర్మము నల్లనిదైనచో దక్షిణరాష్ట్రములలోని పెక్కు కౌంటర్లయొద్ద స్టూలు దొరకకుండెను. 1960 ఫిబ్రవరి 1వ తేదీన ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణపు భోజనపు కౌంటరుకడ కూర్చుండి, వడ్డింప నిరాకరించినను లేవక నిలిచిరి. ఆ పట్టుదల పట్టణమునుండి పట్టణమునకు ప్రాకి, ఆ వేసవి ముగియకముందే అచ్చటి కౌంటరు అందరికిని తెరువబడెను. చవుకభోజనశాలల చరిత్రలో వెలలను, శాఖలను లెక్కించువారు ఈ తేదీని కూడ వ్రాసికొనవలెను.

ఇక మోటారుకార్ల యుగము వచ్చినపిమ్మట ఈ వ్యాపారము పశ్చిమమునకు తరలెను. న్యూహాంప్‌షైరునుండి కాలిఫోర్నియాకు పోయిన మెక్‌డొనాల్డ్ సోదరులు, రిచర్డ్, మారిస్ అనువారు, 1940లో శాన్ బెర్నార్డినోలో కార్లయొద్దకే తెచ్చి వడ్డించు యువతులతో భోజనశాల నడపిరి. లాభములు వచ్చుచున్నను, కుర్రకారు గుమిగూడుటయు, పళ్ళెములు పగులుటయు, దొంగిలింపబడుటయు వారిని విసిగించెను. 1948లో కొన్నిమాసములు తలుపులు మూసి, వడ్డించువారిని మాన్పించి, పళ్ళెములకు బదులు కాగితమును పెట్టి, వంటకముల పట్టికను తొమ్మిదింటికి కుదించి, హాంబర్గరు వెలను పదునైదు సెంట్లు చేసిరి. వంటవారు ఒకరికొకరు అడ్డుపడకుండుటకై టెన్నిసు మైదానముపై సుద్దతో వంటగది పటమును గీచి, అడుగులు వేయించి చూచిరట! మొదట గిరాకీలు తగ్గిరి. కారులో కూర్చుండి హారను మ్రోగించినను ఎవరును రాకుండుట వారికి నచ్చలేదు. పిల్లలు మాత్రము ఆ అద్దపుగోడల వెనుక జరుగు పనిని చూచుటకు ఉత్సాహపడి, తలిదండ్రులను లాగికొనివచ్చిరి. ఆ వంటగదిని 1954లో చూచి ముగ్ధుడైన రే క్రాక్ అను యంత్రవిక్రేత దానిని లోకమంతట నాటినకథ అందరెరిగినదే.

ఆ మెక్‌డొనాల్డ్ సంస్థ 1996 అక్టోబరున ఢిల్లీలోని వసంత్‌విహారమున తన తొలి భారతీయశాలను తెరచినప్పుడు, గోమాంసమునుగాని పందిమాంసమునుగాని లోపలికి రానీయలేదు. గొఱ్ఱెమాంసముతో మహారాజా మ్యాక్ అను పేర ఒక బర్గరును, శాకాహారులకై వేరొకదానిని చేసిరి. శాకాహారపు వంటకును, మాంసపు వంటకును పెనములును, పాత్రలును, పనివారును వేరుచేసి, శాకాహారము వండువారికి ఆకుపచ్చని ఏప్రనులు తొడిగిరి. గ్రుడ్డులేని మేయొనైజును సిద్ధపరచిరి. ఇంతచేసియు మాటను నమ్ముడని యడుగక, సందేహించిన గిరాకీలను వంటగదిలోనికి పిలిచి, ఏ పెనముపై ఏది వేగుచున్నదో దగ్గరనుండి చూపించిరి.