పూయని తీగ ఖండాలు దాటింది

మీ వరండాలో వేలాడే కుండీలోని మనీప్లాంట్ ఎప్పుడైనా పూసిందా? పూసి ఉండదు. పసిఫిక్ మహాసముద్రంలోని మొరియా ద్వీపం దీని పుట్టిల్లు. 1880లో పువ్వు చూడకుండానే దీన్ని పోథాస్ ప్రజాతిలో చేర్చారు. ఆ పొరపాటు దిద్దుకోవడానికి 1960ల దాకా పట్టింది. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోన్‌ను తయారుచేసే జన్యువు ఇందులో సరిగా పనిచేయదని 2016లో తేలింది.

పువ్వు లేకపోతే విత్తనమూ లేదు. మరి ఇంత దూరం ఎలా వచ్చింది? కత్తిరించిన కొమ్మలతోనే! కణుపుకు కాస్త కింద కోసి నీళ్లలో ఉంచి చూడండి, కొద్ది రోజుల్లో అక్కడే వేళ్లు వస్తాయి. కణుపు లేని ఉత్త ఆకుకు వేళ్లు రావచ్చు గాని చిగురు రాదు.

దొంగిలించి తెచ్చిన కొమ్మకే డబ్బు కలిసొస్తుందంటారు. అది ఉత్త నమ్మకం. అయితే తీగ ఇంటింటికీ పాకడానికి అదీ కొంత తోడ్పడే ఉంటుంది! మీరు తెచ్చుకున్న ముక్క జన్యుపరంగా ఇంకా ఆ పక్కింటి తీగే.