ఎదురింటి ఎర్ర కారు - దాని సర్వీసు రిజిస్టరు

సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం పంపమని కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, కాకినాడ రేవు గురించో, కోరంగి ఓడల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే తెలిసినవారు మన సంఘంలోనే నలుగురైదుగురు ఉన్నారు. నేను స్వయంగా కాగితాలు చూసి తేల్చిన చరిత్ర ఒక్కటే ఉంది. అది ఒక అమెరికా కారుది. నాకు కారు నడపడం రాదు. నా సర్వీసంతటిలో నేనెక్కినవి కచేరీ జీపు వెనక సీటు, అధికారిగారి అంబాసిడర్ ముందు సీటు మాత్రమే. ఆ సంగతి ముందుగా మనవి చేసుకుని అసలు విషయంలోకి వస్తాను.

2023లో నేనూ, మా ఇంటావిడా అబ్బాయి దగ్గర ఆరునెలలు ఉండటానికి మిషిగన్ రాష్ట్రం వెళ్ళాము. వారి ఇల్లు డెట్రాయిట్‌కు వాయవ్యంగా, నోవై వెంకటేశ్వరస్వామి గుడికి పావుగంట దూరం. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. ఎదురింట్లో నా ఈడు పెద్దాయన ఒకరుండేవారు. పాంటియాక్ అనే ఊళ్ళో మోటారు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. నన్ను "మిస్టర్ రావ్" అని పిలిచేవారు. నా ఇంగ్లీషు ఆయనకు సగం, ఆయనది నాకు సగం అర్థమయ్యేది. ఇద్దరమూ పెన్షనర్లం కనుక మిగతా సగం అక్కర్లేకపోయింది.

ఆయన గ్యారేజీలో ఒక కారు ఉండేది. నారింజ కలిసిన ఎరుపు రంగు, పక్కల పొడుగునా చారలు, డిక్కీ మీద విమానం రెక్క లాంటి పలక, ముందు తలుపు దగ్గర "ది జడ్జ్" అన్న అక్షరాలు. 1969 పాంటియాక్ జి.టి.ఓ. వారానికొకసారి స్టార్టు చేస్తే మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. ఇటువంటి వాటిని మజిల్ కార్లు అంటారట, అంటే కండల కార్లన్నమాట. మధ్యతరగతి వారి మామూలు కారు ఒంట్లో పెద్ద కారు ఇంజను పెట్టడమే అందులోని కిటుకు. మన అంబాసిడర్ ఇంజను ఒకటిన్నర లీటరు, ఇంచుమించు యాభై గుర్రాల బలం. ఈయన కారుది 6.6 లీటర్లు. జడ్జ్ అయితే 366 గుర్రాలు.

నాకు కుతూహలం కలిగింది. మనవడు లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చిపెట్టాడు. చదువుతుంటే మన కచేరీ సంగతులే కనిపించాయి.

1963లో జనరల్ మోటార్స్ కంపెనీ రెండు ఆంక్షలు పెట్టింది. ఒకటి, తన విభాగాలేవీ పందేల జోలికి పోరాదు. రెండు, మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను ఉండరాదు. పాంటియాక్ విభాగం పేరంతా పందేల మీద వచ్చిందే. అక్కడి ఛీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్. ఆయన కింద బిల్ కాలిన్స్ అనే ఇంజనీరు, 326 అంగుళాల ఇంజనూ, పెద్ద కార్లకు వాడే 389 ఇంజనూ పైకొలతల్లో ఒకటేననీ, రెండోది కూడా టెంపెస్ట్ అనే చిన్న కారులో సులువుగా పడుతుందనీ చెప్పాడు. పడుతుంది సరే, ఆంక్ష మాటేమిటి? అక్కడ ఎవరో మనలాంటి గుమాస్తా బుర్ర పనిచేసి ఉండాలి. ఆంక్ష కొత్త మోడళ్ళకే గానీ, పాత మోడలు మీద కొనేవారు ఎంచుకునే అదనపు సామగ్రికి కాదు. కనుక జి.టి.ఓ. అన్నది కారే కాదు, లెమాన్స్ అనే కారు మీద 295 డాలర్ల ఆప్షను మాత్రమే! జి.ఓ.లో సందు వెతకడం మనకే వచ్చనుకునే వాళ్ళం. విభాగం అధిపతి ఎస్టిస్ సంతకం చేశాడు. అమ్మకాల మేనేజరు మాత్రం అమ్ముడుపోదని భయపడి, మొదట ఐదువేలకు మించి చేయవద్దన్నాడట. 1964 మోడలు ఏడాదిలో 32,450 అమ్ముడుపోయాయి. 1966కి అది ఆప్షను హోదా నుంచి ప్రత్యేక మోడలు హోదాకు ఎదిగింది, అంటే సర్వీసు రెగ్యులరైజ్ అయింది. ఆ ఏడు 96,946.

ఆ పేరు కూడా అరువే. ఇటలీ ఫెరారీ వారి పందెం కారు పేరును డెలోరియన్ తెచ్చి పెట్టాడు. 1964 మార్చిలో ఒక కార్ల పత్రిక ఈ రెండు జి.టి.ఓ.లనూ ముఖచిత్రంగా వేసి, పాంటియాక్ వేగాన్ని ఆకాశానికెత్తింది. ఫెరారీని పక్కన పెట్టి పరుగు తీయించనే లేదు. పాంటియాక్ ప్రచారం చూసిన జిమ్ వాంగర్స్ ఆ పరీక్షకిచ్చిన కారులో 389 బదులు 421 అంగుళాల ఇంజను పెట్టించాననీ, ఆ సంగతి దాచాననీ 1998లో తన పుస్తకంలో తానే ఒప్పుకున్నాడు. అచ్చయిన పత్రికలో అంకెలున్నాయి కదా అని ముప్ఫై నాలుగేళ్ళు లోకమంతా నమ్మింది.

జడ్జ్ సంగతికి వస్తాను. 1968లో ప్లిమత్ వారు రోడ్ రన్నర్ అని చవక కండల కారు తీస్తే, దానికి జవాబుగా డెలోరియన్ తెచ్చినది ఇది. టెలివిజన్‌లో లాఫ్-ఇన్ అనే హాస్య కార్యక్రమంలో ఒక కోర్టు ప్రహసనం వచ్చేదట, పేరు అందులోంచి తీశారు. ఇదీ ఆప్షనే, సుమారు 330 డాలర్లు. మొదటి బండ్లన్నీ ఆ నారింజ ఎరుపు రంగే. 1969లో జి.టి.ఓ.లు మొత్తం 72,287 అయితే, వాటిలో జడ్జ్‌లు 6,833. అందులో పైకప్పు మడిచేవి 108. 1970లో ఆ రకం 168, 1971లో కేవలం 17. ఈ పదిహేడింటి కోసం ఇప్పుడు లక్షల డాలర్లు పట్టుకుని తిరుగుతారు. పదిహేడే ఎందుకు చేశారంటే, అడిగినవాడు లేక. కుర్రవాళ్ళ కార్లకు ఇన్సూరెన్సు వాళ్ళు ప్రీమియం విపరీతంగా పెంచారు, 1970లో గాలి కాలుష్యం మీద చట్టం వచ్చింది, 1971లో ఇంజన్ల బలం తగ్గించారు, ఆ ఏడాది అన్ని రకాల జి.టి.ఓ.లూ కలిపి అమ్ముడైనవి 10,532. ఆనాడు ఎవరికీ అక్కర్లేని సరుకే ఈనాడు అపురూపమైంది.

ఎదురింటి పెద్దాయన కారు అమ్మకానికి పెట్టారు. మోకాళ్ళ నొప్పులు, మెట్లు లేని చిన్న ఇంటికి మారాలి, అక్కడ గ్యారేజీ లేదు. మామూలు జి.టి.ఓ.కూ జడ్జ్‌కూ ధరలో చాలా తేడా. కొనడానికి వచ్చిన ఒకాయన చుట్టూ తిరిగి చూసి, ఒక్క మాట అడిగాడు: "కాగితం ఉందా?"

పెద్దాయన దగ్గర కాగితం లేదు. కారు వాళ్ళ అన్నయ్యది. 1971లో ఎవరి దగ్గరో కొన్నాడు. 1972లో ఈయన వియత్నాం నుంచి ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఈ ఎర్ర కారు ఉందట. "ఇది జడ్జ్ రా తమ్ముడూ" అన్నాడట అన్న. ఆయన పోయాక కారు ఈయనకొచ్చింది. అన్న మాటే ఆధారం.

నంబరు చూపించమన్నాను. డాష్‌బోర్డు మీద అద్దంలోంచి కనిపించే రేకు మీద ఉంటుంది. 242379పి, తరువాత వరస సంఖ్య. మనం 2071 అనగానే పెన్షను పద్దు అని చెప్పినట్టే, అదీ విప్పి చదవచ్చు. 2 పాంటియాక్, 42 జి.టి.ఓ., 37 గట్టి కప్పు, 9 అంటే 1969, పి అంటే పాంటియాక్ ఊరి ఫ్యాక్టరీ. కానీ జడ్జ్ ఆప్షను గనుక, అది నంబరులో పడదు. జడ్జ్‌కూ మామూలు దానికీ ఒకటే పద్దు! స్టిక్కర్లు, డిక్కీ మీది రెక్క విడిగా దొరుకుతాయి. కంటితో చూసి తేల్చే పని కాదు.

అయినా చూశాను. రికార్డు గదిలో కూర్చున్నవాడికి దిద్దుబాటు పట్టుకోవడం అలవాటు. డిక్కీలో స్టెప్నీ కింద, బోల్టు రాసుకుని రంగు ఊడిన చోట, ఎరుపు కింద ముదురు ఆకుపచ్చ కనిపించింది. నేనేమీ అనలేదు.

దారి మాత్రం ఉంది. పాంటియాక్ కంపెనీ ప్రతి కారుకూ డీలరు పేర తయారుచేసిన బిల్లు వివరాలు 1961 మోడలు నుంచి భద్రంగా ఉన్నాయి. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థకు నంబరు పంపి రుసుము కడితే నకలు ఇస్తారు. అన్ని కంపెనీలకూ ఈ అదృష్టం లేదు. ఫోర్డు వారి 1967 తరువాతి కార్లకు మార్టీ రిపోర్టు అని ఒకటి వస్తుంది. షెవర్లే వారి ఆ కాలపు కార్లకు, కెనడాలో అమ్మినవి తప్పిస్తే, అటువంటి రికార్డు మిగల్లేదు. వాటి యజమానులు సీటు స్ప్రింగుల్లోనూ, పెట్రోలు ట్యాంకు మీదా చేతులు పెట్టి వెతుకుతారు, కట్టేటప్పుడు పనివాళ్ళు వదిలేసిన తయారీ చీటీ దొరుకుతుందేమోనని.

ఇక్కడ నా సొంత గోడు కొంచెం చెప్పుకోక తప్పదు. నా మొదటి పోస్టింగులో, 1973-74లో పదకొండు నెలల సర్వీసుకు రిజిస్టరులో ధ్రువీకరణ పడలేదు. కుర్రతనం, పట్టించుకోలేదు. 2008లో రిటైరయ్యాక అది బయటపడి, పద్నాలుగు నెలలు యాంటిసిపేటరీ పెన్షను మీద గడిపాను. ఆనాటి అక్విటెన్స్ రోళ్ళు చూపిస్తే చాలన్నారు. వెళితే ఆ కార్యాలయంలో బీరువా తెరిచి చూపించారు. చెదలు తిన్న అట్టలు, మధ్యలో మట్టి. చివరకు ఆ పదకొండు నెలలూ వదిలేసి ఖరారు చేశారు. జీతం తీసుకున్నాను, సంతకం పెట్టాను, ఎండలో తిరిగి తపాలు పంచాను. అయినా ఆ కాలంలో నేను సర్వీసులో లేను!

కనుక నకలు తెప్పించమని పెద్దాయనకు గట్టిగానే చెప్పాను. ఆయన తటపటాయించారు. ఇరవై ఏళ్ళుగా ఆ సంస్థ సంగతి తెలుసునట, ఎప్పుడూ రాయలేదట. "లేదని వస్తే?" అన్నారు. వారం తరువాత ఆయనే వచ్చి మా మనవడిచేత కంప్యూటరులో దరఖాస్తు పెట్టించారు.

ఈలోగా ఆగస్టు మూడో శనివారం వచ్చింది. ఆనాడు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు, 1995 నుంచి జరుగుతోంది. మన రథోత్సవం జనం. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. దారి పొడుగునా కుర్చీలేసుకున్నవాళ్ళు "జడ్జ్! జడ్జ్!" అని చేతులూపారు. ఆయన కూడా ఊపారు గానీ, మొహంలో నవ్వు లేదు.

నకలు వచ్చింది. మా వంటింటి బల్ల మీద పరిచి, మనవడు చదువుతుంటే విన్నాము. ఓహియోలోని ఒక డీలరుకు బిల్లు. 400 అంగుళాల మామూలు ఇంజను, 350 గుర్రాలు. నాలుగు గేర్లు. రేడియో. రంగు ముదురు ఆకుపచ్చ. జడ్జ్‌కు ఉండవలసిన సంకేతం డబ్ల్యు.టి.1. పై నుంచి కిందికి మూడుసార్లు చూశాను, లేదు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంటావిడ కాఫీ పెట్టి తెచ్చింది. తరువాత ఆయన మెల్లగా అన్నారు, తాను వియత్నాంలో ఉండగా అన్నయ్యకు ఒక ఉత్తరం రాశానని, ఇంటికొస్తే ఒక జడ్జ్ కొనుక్కుంటానని. అన్నయ్య తాపీ పని చేసేవాడు, అంత డబ్బు లేదు. "వాడే రంగు వేసి ఉంటాడు. నేనొచ్చేలోగా పూర్తి చేసి ఉంటాడు," అన్నారు. కాగితం మీద ఆ ఆకుపచ్చ అన్న మాట దగ్గర వేలు పెట్టి కూర్చున్నారు.

సెప్టెంబరులో కారు అమ్మేశారు. కొన్నాయనకు ముందే నకలు చేతికిచ్చి, ఇది మామూలు జి.టి.ఓ. అని చెప్పి, మామూలు ధరే తీసుకున్నారు. ఆకుపచ్చ రంగుకు తిరిగి మార్చుతావా అని అడిగితే, కొన్నాయన ఇంకా ఆలోచించలేదన్నాడట.

మేము తిరిగి వచ్చేముందు పెద్దాయన ఆ నకలుకు ఒక జిరాక్సు తీయించి నాకిచ్చారు. అది నా పెన్షను కాగితాల ఫైలులో ఉంది. పైన కుడివైపు మూల, మన అలవాటు ప్రకారం, పెన్సిలుతో ఆర్.డిస్. అని రాశాను.