కాలిబాట, సైకిలుబాట

హైదరాబాదు నుండి ఓరుగల్లునకు పోవు రహదారిపై సుమారు 85 కిలోమీటర్ల దూరమున జనగామ కలదు. ఆ రహదారియే జనగామను దాటి, హనుమకొండ మీదుగా ములుగు, ఏటూరునాగారము చేరి, గోదావరిని దాటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని భోపాలపట్నమునకు పోవును. నేడు దానికి 163వ జాతీయ రహదారి యని పేరు. శ్రోతలలో అనేకులు బస్సులోనో, కారులోనో ఈ దారిన పోయినవారే. 2020వ సంవత్సరమున ఈ దారి పొడవున ఉన్న సీమలో జరిగిన రెండు విషయములను ఒకచోట చేర్చి చెప్పవలెనని నా కోరిక. మొదటిది ఒక నగరపాలక సంస్థ సైకిలుకు చేసిన మర్యాద. రెండవది ఒక నడక.

సైకిలుకు పురపాలకులు మర్యాద చేయుట మనకు క్రొత్త సంగతి. మన తాతతండ్రుల కాలమున వారు దానిపై పన్ను వేసెడివారు. ఏటేట రుసుము చెల్లించి, చిన్న లోహపు బిళ్ళ నొకదానిని తెచ్చి బండికి బిగించుకొనవలెను. బిళ్ళ లేనిచో బండిని పట్టుకొనెడివారు. రాత్రివేళ దీపము లేకుండ పోయినను, వెనుక మరియొకరిని ఎక్కించుకొనినను జరిమానా తప్పెడిది కాదు. బిళ్ళలు చూచు ఉద్యోగి కూడలిలో ఉన్నాడని తెలిసి, బండి దిగి సందుగొందులలో నడిపించుకొని పోయిన కథలు పెద్దలు నవ్వుచు చెప్పుచుందురు. పన్ను కట్టించుకొనిరే గాని, ఆ సైకిలువానికి ప్రత్యేకముగా ఒక మూరెడు దారి చూపిన ఊరు నేనెరిగినంతలో అరుదు.

అట్లని సైకిలుకు గౌరవము లేకుండెనని అనుకొనరాదు. హెర్క్యులీసో, రాలీయో ఇంట నుండుట ఆనాడు హోదా. పెండ్లిలో అల్లునికి ఇచ్చు కానుకలలో సైకిలు, చేతిగడియారము, రేడియో, ఈ మూడును ఒక జట్టు. (మూడవదాని గౌరవమును గూర్చి నేను చెప్పిన బాగుండదు.) కొనలేనివారికి తెలంగాణమున సైకిలు టాక్సీ దుకాణములుండెడివి. గంటకింత యని అద్దె. సీటు అందని బాలురు చట్రము నడుమ కాలు దూర్చి కైంచి త్రొక్కుచు, గంట ముగియునన్న భయముతో గడియారము ఉన్నవారినెల్ల వేళ అడుగుచుండెడివారు. నేనును అట్లు అడిగినవాడనే.

పాలకులకు కాలినడక, సైకిలు గుర్తునకు వచ్చుట సాధారణముగ ఆపత్కాలముననే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు పంపకము రేషనుకు లోబడినపుడు మన దక్షిణదేశమున బస్సులకు వెనుక కొలిమివంటి యంత్రమును తగిలించి, బొగ్గు నుండి పుట్టిన వాయువుతో నడిపిరి. అవియును చాలనిచోట జనము నడచిరి. 1973లో అరబ్బు దేశములు చమురు నిలిపివేసినపుడు నెదర్లాండు ప్రభుత్వము నవంబరు 4 మొదలు కొన్ని ఆదివారములు కార్లను నిషేధించెను. పెద్ద రహదారులమీద పిల్లలు చక్రాల బూట్లతో ఆడుకొనిరి. నేడు సైకిళ్ళకు పేరుపొందిన ఆ దేశము అట్లగుటకు ఆ ఆదివారములు కొంత కారణము. వీధులలో పిల్లల మరణములకు వ్యతిరేకముగా తలిదండ్రులు అప్పుడే సాగించుచున్న ఆందోళనము అంతకంటె పెద్ద కారణము.

2020లో వచ్చిన ఆపద చమురుకు సంబంధించినది కాదు, ఊపిరికి సంబంధించినది. కరోనా వ్యాధి వలన క్రిక్కిరిసిన బస్సులు, రైళ్ళు ప్రమాదకరములయ్యెను. మార్చిలో బొగోటా నగరము రోడ్డుపై ప్లాస్టికు శంకువులు నిలిపి సైకిళ్ళకు దారి వేరు చేసెను. మిలాను 35 కిలోమీటర్ల వీధులను మార్చెదనని ఏప్రిల్‌లో ప్రకటించెను. పారిసు సుమారు 50 కిలోమీటర్ల తాత్కాలిక బాటలు వేసి, రివోలీ వీధిని చాలవరకు సైకిళ్ళకు అప్పగించెను. బ్రిటిషు ప్రభుత్వము మే 9న ఇట్టి పనులకు 25 కోట్ల పౌనులు ప్రకటించెను. ఏండ్ల తరబడి కమిటీలలో నలిగిన పని, ఒక డబ్బా రంగుతో, ఒక రాత్రిలో జరిగెను.

మన దేశమున కేంద్ర పట్టణ వ్యవహారముల మంత్రిత్వశాఖ 2020 జూన్ మాసమున నగరముల నడుమ ఒక పోటీ పెట్టెను. ‘ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్’ అని దాని పేరు. ప్రజల అభిప్రాయము సేకరించుట, తక్కువ ఖర్చుతో రంగులు, శంకువులు, గుంజలు పెట్టి బాట నొకదానిని ప్రయోగించి చూచుట, సైకిలు యాత్రలు జరుపుట అందలి విధులు. నూరింటికి మించిన నగరములు పేరు నమోదు చేసికొనగా 25 వడపోతలో నిలిచెను. 2021లో కోటి రూపాయల చొప్పున బహుమానము పొందిన 11 నగరములలో మన వరంగల్ ఒకటి. బెంగుళూరు, సూరతు వంటి మహానగరముల సరసన మన ఓరుగల్లు నిలుచుట సంతోషింపదగిన విషయమే. హైదరాబాదులో 2021 ఆగస్టు నుండి ఆదివారము సాయంకాలము టాంక్‌బండుపై వాహనములను ఆపి జనమును నడువనిచ్చిరి. 2023 అక్టోబరులో వలయ రహదారి ప్రక్కన, సౌరఫలకముల నీడన, 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరచిరి. నగరమునుండి అచటికి చాలమంది తమ సైకిళ్ళను కార్లపై కట్టుకొని పోయిరి. ఇందు తప్పేమియు లేదు. కాని ఆ బాట ఎవరికొరకో దానినిబట్టి తెలియుచున్నది.

ఇక రెండవ విషయము. 2020 మార్చి 25న దేశమంతటను నిర్బంధము మొదలయ్యెను. బస్సులు లేవు, రైళ్ళు లేవు. మిరపకోతకు ములుగు జిల్లాకు వచ్చిన కూలీలు కొందరు, నిర్బంధమును పొడిగించిరని విని, ఏప్రిల్ నడుమ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు కాలినడకన బయలుదేరిరి. అందు 12 ఏండ్ల బాలిక ఒకతె కలదు. వారు రహదారిని విడిచి అడవిదారి పట్టిరి. ఎండలో మూడు దినములు నడచి, ఇల్లు కొద్దిదూరముననే ఉండగా, ఏప్రిల్ 18న ఆ బిడ్డ ప్రాణము విడిచెను. శరీరమున నీరు, లవణములు తరిగిపోయినవని వైద్యులు చెప్పిరి. వలస కూలీలతో మొదటి ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు కదలినది మే 1న.

ఆ ఏప్రిల్ 18 అను తేది మన ప్రాంతమునకు మరియొక విధముగా పరిచితము. 1951లో అదే దినమున వినోబా భావే కాలినడకన పోచంపల్లి చేరెను. భూదానోద్యమము అచట మొదలయ్యెను. తెలంగాణమున ఆయన 51 దినములు నడచెను. ఆయన ముందు ఊరూర దారి ఊడ్చి, నీళ్ళు చల్లి, కొబ్బరికాయలు పట్టుకొని జనము నిలిచిరి. ఇష్టపడి నడచినవానికి ఆ గౌరవము తగినదే. వేరు గతిలేక నడచినవారికి ఎదురుపోయినవారు లేకపోలేదు. 2020లో రహదారుల ప్రక్క అన్నపు పొట్లములు, మజ్జిగ, చెప్పులు పంచిన గృహస్థులు అనేకులు. అయితే అది ప్రజల పని. పురపాలకుల పద్దులలో ఆ నడక ఎక్కడను కానరాదు.

‘ప్రోత్సాహము’ అను మాటతో నాకు పేచీ ఇందువలననే. 2011 జనగణన ప్రకారము, వ్యవసాయేతర వృత్తులవారిలో నూటికి సుమారు 23 మంది నడచియు, 13 మంది సైకిలుపైనను పనికి పోవుచుండిరి. మూడింట ఒక వంతునకు మించిన ఈ జనమునకు నడువుమని ఎవరు ప్రోత్సహించిరి? వారికి కావలసినది ప్రోత్సాహము కాదు, ఆక్రమణలు లేని కాలిబాట, దాటుటకు చోటు, రాత్రివేళ దీపము. పోటీ మొదలైన ఆ జూన్ మాసముననే, 3వ తేదిన, అనగా ప్రపంచ సైకిలు దినమునాడే, సాహిబాబాదులోని అట్లాసు సైకిళ్ళ కర్మాగారము మూతపడెను. అందు తయారైన బండ్లను ఎక్కువగా త్రొక్కినవారు ఈ మూడవవంతు జనమే.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అను మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుండి ఏర్పడెను. ములుగు అప్పుడు భూపాలపల్లిలో భాగము, 2019లో వేరయ్యెను. ఈ ఊళ్ళలో సైకిలు బాటలు గీయు దినము ఎప్పుడు వచ్చునో గాని, ప్రతి చైత్రమున బస్సు స్టాండుల ముందు, కూడళ్ళలో తాటాకుల పందిరి వేసి, ఎఱ్ఱమట్టి కుండలపై తడిగుడ్డ చుట్టి చలివేంద్రములు పెట్టుచున్నారు. కొన్నిచోట్ల పురపాలక సంఘము, కొన్నిచోట్ల వర్తకులు, కొన్నిచోట్ల చనిపోయిన తలిదండ్రుల పేర బిడ్డలు. జనగామ బస్సు స్టాండునొద్ద దిగినవారు ఆ నీరు త్రాగియే నడక సాగింతురు.