ఆబ్కారీ నేర్పిన రుచి

రంగారెడ్డి జిల్లా అనగానే ఇప్పుడు ప్లాట్లు, విల్లాలు, ఎకరం ధరలు గుర్తొస్తాయి. ఆ పేరుగల పెద్దమనిషి ఒకప్పుడు ఆబ్కారీ మంత్రి అన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. కొండా వెంకట రంగారెడ్డి 1890లో మొయినాబాద్ పక్కన పెద్దమంగళారంలో పుట్టారు. వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం ఏర్పడినప్పుడు హైదరాబాద్ రాష్ట్రపు ఎక్సైజు, కస్టమ్స్, అడవుల శాఖలు ఆయనకు అప్పగించారు. ఈతచెట్టు, తాటిచెట్టు, అడవిలో రాలే ఇప్పపువ్వు, మూడూ ఒకే మంత్రి పద్దులోకి వచ్చాయన్నమాట. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలను కలిపి చేసిన కొత్త జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

మందు రుచుల గురించి రాసేవాళ్లు సాధారణంగా నాలుకతో మొదలుపెడతారు. ఏది తీపి, ఏది ఘాటు, ఎవరికి ఏది పడుతుంది అని. ఆ జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్‌ల వైపు నుంచి చూస్తే నాలుక కన్నా ముందు ఆబ్కారీ శాఖే ఎదురవుతుంది. ఏ చెట్టుకు లొట్టి కట్టాలో, ఏ సీసా దుకాణానికి చేరాలో సర్కారు ఖరారు చేశాక మిగిలినదాంట్లోంచి ఏరుకుని దానికే ‘మన ఇష్టం’ అని పేరు పెట్టుకుంటున్నాం.

ముందు కల్లు సంగతి. ఇక్కడి నాలుకకు తొలి బడి అదే.

ఈత కల్లు, తాటి కల్లు ఒకటి కావు. ఈతచెట్టుకు మట్టల కింద, మెడ దగ్గర గాటు పెడతారు. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి సారి రెండో పక్క గీస్తారు. అందుకే గీసిన ఈతచెట్టు కాండం మెలికలు తిరిగినట్టు కనిపిస్తుంది. ఆ గాట్లు లెక్కపెడితే చెట్టును ఎన్ని ఏళ్లు గీశారో తెలిసిపోతుంది. చలికాలంలో, మంచు పడే తెల్లవారుజామున దించిన ఈత కల్లు పలచగా, తియ్యగా ఉంటుంది. తాటికి కాండం జోలికి పోరు. గెల చివరను రోజూ పలచగా చెక్కి దానికే లొట్టి కడతారు. పోతుతాడు వేరు, కాయ కాసే పండుతాడు వేరు. ఒకదాని కాలం చివరికొచ్చేసరికి రెండోది అందుకుంటుంది. ఎండలు ముదిరేకొద్దీ తాటి కల్లు చిక్కబడుతుంది, వగరు తేలుతుంది, కైపు పెరుగుతుంది. మోకు, ముత్తాదు వేసుకుని అంత ఎత్తు ఎక్కే గౌడన్నకు ఏ చెట్టు ఏ వారం ఎలా పారుతుందో తెలుసు.

ఇక పొద్దును బట్టి మారే రుచి. చెట్టు నుంచి కారేటప్పుడు అది ఉత్త తియ్యటి నీరు. లొట్టిలో సున్నం పూసి చల్లగా ఉంచితే నీరాగానే ఉంటుంది. సున్నం లేకపోతే గాలిలోని, కుండలోని ఈస్టు అందుకుని గంటల్లోనే పులియబెడుతుంది. పొద్దటి కల్లులో ఇంకా తీపి ఉంటుంది. మాపటి కల్లులో ఆల్కహాల్ నూటికి నాలుగు నుంచి ఆరు పాళ్ల దాకా పోతుంది, పులుపు ముందుకొస్తుంది. మర్నాటికి అది పుల్లగా విరిగి సిర్కా దారి పడుతుంది. తీపి కావాలనేవాడు ఒక పూట వస్తాడు, కైపు కావాలనేవాడు ఇంకో పూట వస్తాడు. ఒకే చెట్టు కల్లు వేరుగా పట్టించుకుని, రోజూ అదే తాగే వాడికెదారులు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. స్కాట్లండ్‌లో ఒకే పీపాలోంచి తీసిన విస్కీకి వేలకు వేలు ఎక్కువ పోసి కొనే పద్ధతి గురించి చదివినప్పుడు నాకు వాళ్లే గుర్తొస్తారు. తాగే పాత్రకూ పట్టింపు ఉండేది. తాటిరేకలో వంచుకుని తాగితే పచ్చి ఆకు వాసన కల్లులో కలుస్తుంది. ప్లాస్టిక్ జగ్గు వచ్చాక ఆ వాసన పోయింది. పక్కన గుడాలో, బోటి కూరో ఉండాల్సిందే.

ఇంత సూక్ష్మంగా రుచి తెలిసిన ఊళ్లలో చెట్టు మీద హక్కు మాత్రం గీసేవాడిది కాదు. నిజాం రాజ్యంలో ఆబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆసరా. సేందివనాలనే కల్లు తోపులు, ఇప్పసారా బట్టీలు గుత్తేదార్లకు వేలం పోయేవి. చెట్టుకు ఇంత అని రఖం కట్టాలి. నంబరు పడని చెట్టును గీస్తే నేరం. 1316 ఫసలీలో, అంటే 1906-07 ప్రాంతంలో, వచ్చిన హైదరాబాద్ ఆబ్కారీ చట్టం ఈ లెక్కలన్నిటినీ ఒక చోటికి తెచ్చింది. హైదరాబాద్ రాష్ట్రం పోయినా ఆ చట్టం పోలేదు. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చేదాకా తెలంగాణలో అదే నడిచింది. వేలంలో ఎక్కువ పాడినవాడు ఆ డబ్బు రాబట్టుకోవడానికి కల్లులో నీళ్లు కలిపేవాడు. బాధ ఏమిటంటే, కల్తీకి దారి చూపింది తాగేవాడూ కాదు, గీసేవాడూ కాదు. వేలంపాట.

అవతల మద్రాసు రాష్ట్రంలో కథ ఇంకోలా నడిచింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి మరుసటి ఏడే చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. 1948 నాటికి రాష్ట్రమంతా నిషేధమే. కోస్తా, రాయలసీమల్లో లొట్టి కట్టడమే నేరమైతే, కృష్ణకు ఇవతల చేవెళ్లలో అదే పని సర్కారు రఖం కట్టి దర్జాగా సాగింది. ఆంధ్రలో గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న పోరాటం నడిపారు. నిషేధం ఎత్తేయాలన్న రామమూర్తి కమిటీ సిఫార్సును ప్రకాశం పంతులు ప్రభుత్వం అమలు చేయలేదు. 1954 నవంబరు 6న ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. మన రాజకీయాల్లో కల్లు కుండ బరువు తక్కువేం కాదు.

రెండేళ్లు తిరక్కుండానే, 1956 ఫిబ్రవరి 20న, ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆంధ్ర వైపు సంతకాల్లో లచ్చన్నది ఉంది. తెలంగాణ వైపు పెద్దమంగళారం రంగారెడ్డిది ఉంది. తెలంగాణలో మద్యనిషేధం ఎలా అమలు చేయాలో తెలంగాణ శాసనసభ్యులే నిర్ణయించాలన్నది అందులో ఒక షరతు. ఉద్యోగాలు, నీళ్లు, నిధుల షరతుల గురించి లెక్కలేనన్నిసార్లు రాసుకున్నాం. ఈ ఒక్క వాక్యాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దసరాకూ పెళ్లికీ చావుకూ కల్లు లేనిదే జరగని ప్రాంతం తరఫున ఆ మంత్రి ఆలోచించి పెట్టించిన షరతే అని నా అనుమానం.

విస్కీ ఇటు వచ్చిన దారి వేరు. 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ కంటోన్మెంటు ఆఫీసర్లకు మొదట బ్రాందీ మీదే మోజు. 1860ల తర్వాత ఫైలోక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను పాడుచేసింది. బ్రాందీకి కరువొచ్చింది. ఆ ఖాళీలోకి స్కాచ్ దూరింది. దొరల మెస్సుల నుంచి నవాబుల దివాణాలకూ, వాటి నుంచి వకీళ్ల ఇళ్లకూ పాకింది. చేవెళ్ల దాకా రావడానికి మాత్రం బెల్లపు మడ్డి కావాల్సి వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీల్లో మిగిలే మడ్డిని పులియబెట్టి, బట్టీ పట్టి, వాసన లేని స్పిరిట్ చేసి, దానికి కొంచెం మాల్ట్, రంగు కలిపితే మన దేశంలో విస్కీ అయిపోతుంది. ధాన్యంతో చేసి, కనీసం మూడేళ్లు ఓక్ పీపాలో ఉంచితే తప్ప స్కాట్లండ్ చట్టం దాన్ని విస్కీ అనుకోదు. 1968లో మెక్‌డోవెల్స్ నంబర్ వన్, 1988లో ఆఫీసర్స్ చాయిస్, 1995లో రాయల్ స్టాగ్, 1997లో ఇంపీరియల్ బ్లూ వచ్చాయి. ‘వైన్స్’ అని బోర్డు పెట్టుకుని వైన్ తప్ప అన్నీ అమ్మే దుకాణాల్లో క్వార్టర్ సీసాలుగా నిలబడ్డవి ఇవే.

సీసా మీద 42.8 శాతం అని ఎందుకుంటుందో గమనించారా? బ్రిటిష్‌వాళ్ల ప్రూఫ్ లెక్కలో వంద అంటే 57.1 శాతం ఆల్కహాల్. అందులోంచి పాతిక డిగ్రీలు తగ్గిస్తే 75 ప్రూఫ్, అంటే 42.8. దొరలు పన్ను వసూలుకు పెట్టుకున్న కొలత ఇప్పటికీ చేవెళ్ల క్వార్టర్ సీసాలో ఎంత ఘాటు ఉండాలో చెబుతోంది.

రుచికి వస్తే, ఐలా దీవి విస్కీల్లో పీట్ పొగ వాసన గుప్పుమంటుంది. లాఫ్రోయిగ్ మొదటిసారి తాగినవాడు ఆసుపత్రి వాసన అంటాడు, అలవాటైనవాడు ఇంకేదీ ముట్టడు. స్పేసైడ్ వైపు గ్లెన్‌ఫిడ్డిచ్ తేలిక, పళ్ల వాసన. షెర్రీ పీపాల్లో ఊరిన మెకాలన్‌లో కిస్‌మిస్, దాల్చినచెక్క తగులుతాయి. అమెరికన్ బర్బన్‌లో సగానికి పైగా మక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపా ఉండాలి. అందుకే అంత వనిల్లా తీపి. మా వైపు మక్కలు తిని పెరిగినవాళ్లకు బర్బన్ త్వరగా పట్టేస్తుందని నా గమనిక. ఐరిష్ విస్కీలు చాలావరకు మూడుసార్లు బట్టీ పట్టినవి కాబట్టి గొంతులో జారిపోతాయి, జ్ఞాపకంలోంచి కూడా అంతే తేలిగ్గా జారిపోతాయి.

దక్కన్ ఎండకు తట్టుకున్న విస్కీ బెంగళూరుది. అమృత్ సింగిల్ మాల్ట్‌ను 2004లో ఏకంగా స్కాట్లండ్ గడ్డ మీద, గ్లాస్గోలో విడుదల చేశారు. స్కాట్లండ్‌లో పీపాలోంచి ఏడాదికి రెండు శాతం ఆవిరైతే బెంగళూరులో పది శాతం దాటుతుంది. నష్టం ఎక్కువే. కానీ ఆ వేడికి చెక్క రుచి త్వరగా దిగుతుంది, నాలుగైదేళ్లకే పెద్ద వయసు విస్కీలా తయారవుతుంది. మన దేశపు బార్లీ, స్కాట్లండ్ పొగబార్లీ కలిపి చేసిన అమృత్ ఫ్యూజన్‌ను 2010లో విస్కీ విమర్శకుడు జిమ్ మరే తన పుస్తకంలో ప్రపంచంలో మూడో స్థానంలో నిలిపాడు. నన్నడిగితే నా ఓటూ దానికే. పొగ ఉంటుంది కానీ నోరు మూయించదు. క్వార్టర్ సీసాల విస్కీలను పక్కపక్కన పోసి పేరు చూడకుండా తాగితే మాత్రం తేడా చెప్పేవాళ్లు తక్కువ. ‘నాది ఫలానా బ్రాండే’ అని పట్టుబట్టేవాళ్లలో చాలామంది రుచిని కాక అలవాటును సమర్థించుకుంటున్నారు. తాటి కల్లుకూ ఈత కల్లుకూ తేడా కళ్లు మూసుకుని చెప్పే పల్లె ముసలివాడు ఆ విషయంలో వీళ్లకన్నా రెండు మెట్లు పైనే ఉంటాడు.

మిగతాదంతా దగ్గరి చరిత్ర. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం 1993 అక్టోబరు 1న సారాను రాష్ట్రమంతటా ఆపించింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. కల్లును అందులోంచి మినహాయించారు. 1997లో నిషేధం సడలింది, సీసాలు తిరిగొచ్చాయి, సారా మాత్రం రాలేదు. కూలి చేసుకునేవాడు సారా పొట్లం వదిలి చీప్ లిక్కర్ క్వార్టర్‌కు మారాడు. రుచి నచ్చి మారలేదు. ఇక ఏ సీసా వస్తుందన్నది సర్కారు డిపో చేతిలో ఉంటుంది. 2025 జనవరిలో ధరలు, బకాయిల గొడవతో కింగ్‌ఫిషర్ కంపెనీ తెలంగాణకు బీరు సరఫరా ఆపినప్పుడు, ఆ బీరు తప్ప తాగనన్నవాళ్లు కూడా ఆ వారం వేరేది తాగారు.

మొయినాబాద్‌కు ఇంకో చట్టం కూడా తగులుకుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలను కాపాడ్డానికి 1996 మార్చిలో వచ్చిన 111 జీవో, చుట్టూ 84 ఊళ్లలో ఫ్యాక్టరీలను, పెద్ద కట్టడాలను ఆపింది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల పల్లెలూ అందులో ఉన్నాయి. ఫ్యాక్టరీ రాలేదు, ఫామ్‌హౌస్ వచ్చింది. శనివారం రాత్రి ఆ గోడల లోపల విదేశీ మాల్టుల మీద చర్చ నడుస్తుంది. ఆదివారం పొద్దున వికారాబాద్ వైపు పోయే కార్లు మర్రిచెట్ల రోడ్డు పక్కన కల్లు కోసం ఆగుతాయి. రాత్రి మాట్లాడినవాళ్లే పొద్దున దిగుతారు. పీపా ఏ చెక్కదో అడగడం తెలిసినవాళ్లకు కల్లు ఏ చెట్టుదో అడగాలని మాత్రం తోచదు.

అడగకపోవడం ప్రమాదం కూడా. చెట్లు తగ్గిపోయాయి, ఎక్కేవాళ్లు తగ్గిపోయారు, గిరాకీ మాత్రం పెరిగింది. ఆ లోటు పూడ్చడానికి శాక్రిన్ నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి కల్లని అమ్మడం తెలంగాణలో పాత రోగమే. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. 2023లో నెక్లెస్ రోడ్డు మీద సర్కారు తెరిచిన నీరా కేఫ్ మంచి పనే. కానీ కల్లు బతకాలంటే అద్దాల కేఫ్ కన్నా ముందు చెరువు కట్టల మీద ఈత మొక్కలు పెరగాలి. అవి గీతకు రావడానికి ఏళ్లు పడుతుంది.

కాబట్టి ఈ దారిన పోయి కల్లు తాగాలనిపిస్తే మూడు మాటలు అడగండి: ఈతదా తాటిదా, ఏ చెట్టుది, ఎప్పుడు దించింది. గీసిన గౌడన్న అయితే వేలెత్తి చెట్టు చూపిస్తాడు. చూపించలేని చోట గ్లాసు ముట్టకండి.