కోడి రామమూర్తి గారి సాధన – సైకిలు తొక్కేవారికి కొన్ని పాఠాలు

శ్రీకాకుళంలో ఉదయపు నడకకు వెళ్ళేవారికి కోడి రామమూర్తి స్టేడియం పేరు కొత్త కాదు. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహాన్ని చూడనివారూ తక్కువే. అయితే ఆ పేరు వినగానే మనకు స్ఫురించేవి ఛాతీపై నిలిచిన ఏనుగు, తెగిన ఇనుప గొలుసు, కదలలేక ఆగిన మోటారు కార్లు. ఆ బలం ఆయనకు ఏ క్రమంలో అబ్బిందని అడిగేవారు అరుదు. గేర్ల సైకిళ్ళు కొని తెల్లవారకముందే రోడ్డెక్కుతున్న మన ప్రాంతపు యువకులకూ, పదవీ విరమణ చేసిన నా ఈడువారికీ ఆ ప్రశ్నే ముఖ్యమైనది.

రామమూర్తి నాయుడు గారు 1880వ దశకం తొలినాళ్ళలో వీరఘట్టంలో జన్మించారు. (2022లో ఆ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. మా తరానికి మాత్రం అది ఇప్పటికీ శ్రీకాకుళమే.) విజయనగరంలో పోలీసు శాఖలో ఉన్న పినతండ్రి నారాయణస్వామి గారి వద్ద పెరిగారు. చదువుకంటె తాలింఖానా మీదనే ఆయన మనసు. తరువాత మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయులయ్యారు. సర్కసు, లండను యాత్ర, ఐదవ జార్జి చక్రవర్తి మెప్పు, 'ఇండియన్ హెర్క్యులస్' బిరుదు, ఇవన్నీ ఆ వెనుకటి సంగతులు. ఆయన గురించి చెప్పుకొనే కథలలో కొన్ని పెరిగి ఉండవచ్చు. కాని తాలింఖానా పద్ధతి మాత్రం కథ కాదు. కొత్తగా చేరిన కుర్రవానిని వస్తాదు ఆ రోజే కుస్తీకి దించడు. ముందు దండీలు, బస్కీలు. పదితో మొదలుపెట్టి, అవి సులువైన తరువాతనే పన్నెండు, పదిహేను.

ఈ క్రమం ప్రాచీన గ్రీకులకూ తెలుసు. మైలో అనే మల్లుడు లేగదూడను రోజూ భుజాన మోసేవాడనీ, దూడ ఎద్దయ్యేసరికి ఎద్దునే మోయగలిగాడనీ వారి కథ. వైద్యశాస్త్రం ఆ మాటను ఆలస్యంగా అందుకొన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన అమెరికన్ సైనికుల బలహీనపడిన కాళ్ళకు థామస్ డెలోర్మ్ అనే వైద్యుడు క్రమంగా బరువు పెంచుతూ వ్యాయామం చేయించి, 1945లో ఆ ఫలితాలను ప్రచురించాడు. అంతవరకు అటువంటి రోగులకు తేలికపాటి కదలికలే చాలునని వైద్యులు నమ్మేవారు.

ఇక రెండవ పాఠం. శరీరం తనను ఏ పని అడిగితే ఆ పనికే సిద్ధమవుతుంది. మన ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలుచుకొన్నది. ఆ ఒక్కొక్క ప్రయత్నం కొద్ది క్షణాల పని. ఆ క్షణాలలో ఊపిరి బిగబట్టడం ఆ విద్యలో భాగం. రామమూర్తి గారు గొలుసు తెంపినదీ అట్లాగే. ఊపిరి బిగబట్టి గరిష్ఠ భారాన్ని నెట్టినపుడు రక్తపోటు ఎంతవరకు పోతుందో కెనడా పరిశోధకులు 1985లో ధమనిలోనే సూది ఉంచి కొలిచారు. కాళ్ళతో భారం నెట్టే వ్యాయామంలో సగటున 320/250 వచ్చింది! అలవాటుపడిన యువకులు కనుక క్షణకాలం తట్టుకొన్నారు. బి.పి. మాత్రలు మింగుతూ ఎత్తురోడ్డుపై పెద్ద గేరు వేసి, పళ్ళు బిగించి తొక్కే అరవై ఏళ్ళ మనిషి ఈ అంకెను ఒకసారి తలచుకోవాలి.

సైకిలుకు కావలసినది మరో రకపు గుండె. ఎక్కువ దూరం పరుగెత్తేవారి గుండెలో ఎడమ గది విశాలమవుతుందనీ, కుస్తీ పట్టేవారిలో దాని గోడ మందమవుతుందనీ 1975లో మోర్గన్‌రోత్ బృందం చూపింది. ఆ విభజన అంత కచ్చితమైనది కాదని తరువాత తేలినా, మూలసూత్రం నిలిచే ఉన్నది. గంటల తరబడి రక్తాన్ని పంపే గుండె గంటల తరబడి సాగే తేలిక శ్రమతోనే తయారవుతుంది. అందుకే మొదటి రెండు మూడు నెలలు చిన్న గేరులో, పక్కవారితో మాట్లాడుతూ తొక్కగలిగే వేగం చాలు. మాట తెగుతున్నదంటే వేగం తగ్గించండి. దీనికి యంత్రం ఏదీ అక్కరలేదు.

విజయనగరంలో నాకొక మిత్రుడున్నాడు. ఉపాధ్యాయుడుగా విరమించి మంచి సైకిలు కొన్నాడు. పదిహేను రోజులు ఊళ్ళో తిరిగి, పదహారవ రోజున శృంగవరపుకోట దాటి అరకు ఘాటు ఎక్కడానికి బయలుదేరాడు. ముందునాడు నేను వారించాను. "మనది రామమూర్తి గారి ఊరు డాక్టరు గారూ!" అని నవ్వాడు. ఏప్రిల్ ఎండ, ఒక్క సీసా నీళ్ళు. మరునాడు తొడలు కదలలేదు. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. రాబ్డోమయోలిసిస్ అంటారు దీనిని. అలవాటులేని శ్రమకు కండర కణాలు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలోకి చేరి మూత్రపిండాలకు చేటు చేస్తుంది. సకాలంలో సెలైన్ ఎక్కించడంతో డయాలిసిస్ దాకా పోలేదు. వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన చేసిన పొరపాటు ఘాటు ఎక్కడం కాదు, పదహారవ రోజున ఎక్కడం. గుండె, కండరం వారాలలో పుంజుకొంటాయి. స్నాయువులకు, కీళ్ళకు నెలలు పడుతుంది. కాబట్టి వారానికి దూరం పదోవంతుకు మించి పెంచవద్దని, మూడు వారాలు పెంచి నాలుగవ వారం తగ్గించమని అనుభవజ్ఞులు చెబుతారు. బలం పెరిగేది తొక్కుతున్నపుడు కాదు, తరువాత నిద్రలో.

ఈ వయసులో ఇంకేం సాధన అనేవారికి ఒక సంగతి. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఆరోగ్యవంతులైన ఐదుగురు ఇరవై ఏళ్ళ యువకులను మూడు వారాలు మంచంపైనే ఉంచారు. ప్రాణవాయువును వినియోగించుకొనే వారి సామర్థ్యం పావువంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తరువాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ళ వయసు తీసిన దెబ్బకంటె ఆ మూడు వారాల మంచం తీసిన దెబ్బే పెద్దదని తేలింది. అంతేకాదు, ఆరు నెలలు నడక, మెల్లని పరుగు, నిలువు సైకిలు, అన్నీ కొద్దికొద్దిగా పెంచుతూ చేయించగా యాభై దాటిన ఆ మనుషులు ఇరవైలనాటి సామర్థ్యానికి తిరిగి చేరుకొన్నారు.

రామమూర్తి గారు చివరి రోజులలో ఒక కాలు పోగొట్టుకొని, 1942లో ఒరిస్సాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. ఎంతటి దేహానికైనా పుండు పుండే. సీటు ఒరిసిన చోట పుండు మానకపోయినా, మోకాలి నొప్పి రెండు వారాలు దాటినా వైద్యునికి చూపించండి. మధుమేహం ఉన్నవారు పాదాల సంగతి రోజూ చూసుకోవాలి. నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవారు ముందుగా బి.పి., చక్కెర, ఇ.సి.జి. చూపించుకొని మరీ సైకిలెక్కండి.

మా మిత్రుడు కోలుకొన్నాక సైకిలును అమ్మేస్తానన్నాడు, నేనే ఆపాను. మొదట నెల్లిమర్ల వరకు, రెండు నెలల తరువాత రామతీర్థం వరకు. ఆదివారం సెలవు. అరకు మాట ఈ ఏడాది ఎత్తనని ఒప్పుకొన్నాడు.