డెల్వ్ పతనం

ఐస్‌లాండ్‌లోని సీసీపీ సంస్థ 2003లో విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్ ఆటలో వేలాదిమంది ఒకే నక్షత్రలోకంలో తిరుగుతారు. గనులు తవ్వేదీ, నౌకలు కట్టేదీ, రాజ్యాలేలేదీ, వాటిని కూల్చేదీ ఆటగాళ్ళే. పేలిపోయిన నౌక తిరిగి రాదు.

ఆ లోకాన్ని ఒకప్పుడు వణికించిన కూటమి బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్. ఆటలో తొట్టతొలి టైటాన్ మహానౌకను 2006లో అసెండెంట్ ఫ్రాంటియర్ కూటమి కట్టింది. ఎందరి చెమటో నెలల తరబడి ఖనిజంగా మారి అందులో చేరింది. ఆ డిసెంబరులోనే బ్రదర్స్ దాన్ని కూల్చేశారు. కట్టినవాళ్ళు ఇక కోలుకోలేదు. సీ9ఎన్-సీసీ అనే చోట దాని శిథిలం మిగిలింది. కొత్తగా ఆటలోకి వచ్చినవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి చూసొస్తారు.

కూల్చినవాళ్ళ కోట డెల్వ్. గూన్‌స్వార్మ్ అనే శత్రుకూటమి ఎంత పోరాడినా అది చేతికి చిక్కలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. 2009 ఫిబ్రవరిలో బ్రదర్స్ డైరెక్టరు ఒకడు శత్రువుల వైపు చేరాడు. కూటమిని రద్దుచేసే అధికారం అతని చేతిలో ఉంది. రద్దుచేసేశాడు. ఆ రోజు లాగిన్ అయినవాళ్ళకు తమ కూటమే కనిపించలేదు. దానితోపాటే డెల్వ్ మీది హక్కూ, ఆ హక్కు ఉన్నంతకాలమే పనిచేసే రక్షణలూ పోయాయి. పేరునైనా మళ్ళీ పెట్టుకుందామంటే, దాన్ని శత్రువులు అప్పటికే నమోదు చేసేసుకున్నారు. కొన్నాళ్ళకు కోటా చేజారింది.

ఇవన్నీ సర్వర్లో అంకెలేగా, ఏడవడమెందుకు అనేవాళ్ళున్నారు. నౌకలు అంకెలే, ఒప్పుకుంటాను. ముఖమైనా చూడని మనిషి చేతిలో ఖజానా పెట్టిన నమ్మకం మాత్రం అంకె కాదు. అర్ధరాత్రి పిలిస్తే మరో దేశంలో నిద్రలేచి వచ్చిన తోటివాడు అంకె కాదు. నా లెక్కలో బ్రదర్స్ సాధించిందంటూ ఉంటే అదే. ఆ నమ్మకం నిజమైంది కనుకనే ద్రోహం అంత లోతుగా దిగింది.

డెల్వ్‌ను ఏలిన గూన్‌స్వార్మ్‌నూ ఏడాది తిరిగేసరికి దాని సొంత నాయకుడే కొల్లగొట్టి చెదరగొట్టాడు. ఐటీ అలయన్స్ పేరుతో కూడిన బ్రదర్స్‌లోని పాతవాళ్ళు చాలామంది అప్పుడు డెల్వ్‌కు తిరిగొచ్చారు. పేరు పోయినా, ఎవరు ఏ పనికి పనికొస్తారో, ఎవరి మాట నమ్మొచ్చో వాళ్ళకు గుర్తుంది. 2011లో ఆ కూటమీ కూలింది.